గోడకు తగలకముందే

టీచరమ్మ దగ్గర కారు నేర్చుకున్న ఆడవాళ్ళలో ఎవరిని నిద్రలో లేపి అడిగినా అగ్గిపుల్ల పరీక్ష గురించి తడుముకోకుండా చెబుతారు. బండి ఎక్కబోయే ముందు నాలుగు చక్రాల దగ్గరా వంగి, టైరు గాడిలో అగ్గిపుల్లను తలకిందులుగా దూర్చాలి. పుల్ల తల గాడిలో పూర్తిగా మునిగితే టైరు మంచిది. పైకి కనిపిస్తే అరిగిపోయింది. బట్టలు నలుగుతాయనో చేతులకు మసి అంటుతుందనో ఎవరైనా నసిగితే, చేతులు కడుక్కోవడానికి తన ఇంట్లో సబ్బు ఉందనీ, వంగడం చేతకానివాళ్ళు బస్సెక్కవచ్చుననీ టీచరమ్మ నెమ్మదిగా చెప్పేది. ఆ నెమ్మదికే అందరూ హడలిపోయేవారు.

ఆమె వీధి గదిలో నడిపే ఆ బడి ఆడవాళ్ళ కోసమే. బడికి ఉన్నది ఒక్కటే చిన్న కారు. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఉన్నట్టే, పక్కన కూర్చునే టీచరమ్మ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. ఆమె కాలు దానిమీంచి కదిలేది కాదు. అందుకని చాటుగా ఆమెకు 'బ్రేకమ్మ' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి కోప్పడకపోగా లోలోపల పొంగిపోయేది కూడా. ఇన్నేళ్ళలో తన బండి కింద ఒక కోడిపిల్ల కూడా పడలేదని చెప్పుకునేది.

ఆ బండి టైర్లు అగ్గిపుల్ల పరీక్షలో ఎన్నడూ తప్పలేదు. తప్పే అవకాశమే లేదు. మనిషి నడకకు కాస్త ముందుగా, సందులోంచి సందులోకి పాకే బండికి టైర్లు అరిగేదెప్పుడు? గాళ్ళు కొన్ననాటిలాగే లోతుగా ఉండేవి. అయితే టైరంటే గాళ్ళు మాత్రమే కాదు. ఇంటి ముందు ఎండలో ఏళ్ళ తరబడి నిలిచి నిలిచి, వాటి రబ్బరులోని సత్తువ అంతా ఆవిరైపోయింది. టైర్ల పక్కభాగాల నిండా, ఎండిన చెరువు మట్టిలాగా, సన్నని పగుళ్ళు పట్టాయి.

ఈ సంగతి టీచరమ్మకు తెలియదనుకోవడానికి వీల్లేదు. ఏటా బండిని తనిఖీకి తీసుకువెళ్ళే ముందు ఆ పగుళ్ళమీద నల్లరంగు పూసింది ఆమె చెయ్యే. కుంచె వెంట్రుకలు పగుళ్ళలో చిక్కుకున్నప్పుడల్లా మనసులో ఏదో చివుక్కుమనేది. గాడి లోతుగా ఉందికదా అని సర్దిచెప్పుకుని, కుంచెను మరోసారి రంగులో ముంచేది.

ఆ రోజుల్లో నేర్చుకోవడానికి వస్తున్నవాళ్ళలో ఒక నర్సు ఉండేది. నడివయసు మనిషి. ఆసుపత్రి వార్డులో రాత్రి డ్యూటీలతో ఆమె నడుము విరిగిపోతూ ఉండగా ఒక మంచి అవకాశం వచ్చింది. మంచం దిగలేని రోగుల ఇళ్ళకు పగటిపూట వెళ్ళి చూసివచ్చే పని అది. కాకపోతే ఆసుపత్రి కారు తనే నడుపుకోవాలి. లైసెన్సు తెచ్చుకుంటే ఆ పని ఆమెదే. పిరికిది గాని, నర్సు చేతులు మాత్రం స్థిరమైనవి. స్టీరింగు పట్టుకుంటే బండి తీగలాగినట్టు పోయేది. పైకి అనకపోయినా, తను చూసిన శిష్యురాళ్ళలో ఈమె చెయ్యి మేలైనదని టీచరమ్మకు తెలుసు.

ఒక ఉదయం ముందు చక్రం దగ్గర వంగిన నర్సు, అగ్గిపుల్ల పని ముగించి కూడా లేవలేదు. టైరు పక్కన వేలితో రాస్తూ, "టీచరమ్మా, ఈ పగుళ్ళేంటండీ? గోరు పెడితే దిగుతోంది" అంది.

వంతు కోసం నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళు మెడలు చాచి చూశారు. టీచరమ్మకు ముఖం మీద ఎవరో దీపం పెట్టినట్టయింది.

"నా మొహం మీద ముడతలు లేవా? నేను నడవట్లేదా? పాఠం ఎగ్గొట్టడానికి సాకులు వెతక్కుండా ఎక్కమ్మా."

ఇద్దరూ నవ్వారు. నర్సు కూడా నవ్వి, చేతులు దులుపుకుని ఎక్కింది.

ఆ వారం దాటకముందే జరగవలసింది జరిగింది. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, అంగళ్ళ వీధి. నర్సు బండిని నిదానంగానే నడుపుతోంది. టీచరమ్మ కూర్చున్న వైపు ముందు చక్రం ఢామ్మని పేలింది. బండి ఒక్కసారిగా ఆ వైపుకు ఒరిగి లాగేసింది. టైరు పేలినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కకూడదనీ, స్టీరింగు తిన్నగా పట్టుకుని బండిని దానంతట దాన్నే మెల్లగా ఆగనివ్వాలనీ పాఠం చెప్పేది టీచరమ్మే. ఆ పాఠం ఆమె నోటికి వచ్చుగాని కాలికి రాలేదు. కాలు బ్రేకును నేలకు అంటేలా తొక్కేసింది. బండి గిర్రున తిరిగి, కాలిబాట ఎక్కి, సెలూను గోడకు గుద్దుకుంది. సెలూను అద్దాల తలుపు తుడుస్తూ నిలబడిన యజమాని కాలు బండికీ మెట్టుకూ మధ్య నలిగి, ఎముక విరిగి బయటికి వచ్చింది.

"స్టీరింగు ఎందుకలా లాగావు?" అని టీచరమ్మ అరిచిన అరుపు వీధంతా వినబడింది. అరిచినప్పుడు ఆమె అదే నిజమని నమ్మింది. ఆ మాట వరకు ఆమెను తప్పుపట్టడానికి లేదు. తప్పు తరువాతి మాటలో ఉంది.

నర్సు వణుకుతూనే దిగింది. దిగినదే తడవుగా వణుకు మాని, తువ్వాలు చించి, చెక్కపేడు అడిగి తీసుకుని, ఆయన కాలికి ఆనించి కట్టు కట్టసాగింది. అప్పుడు టీచరమ్మ చక్రం చూడడానికి వెళ్ళింది. టైరు పక్కభాగం, పగుళ్ళ వెంట కత్తితో కోసినట్టు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా విచ్చుకుని ఉంది. గోడకు తగిలిన మూల ఇది కాదు, అవతలిది. ఈ చక్రానికీ గోడకూ నడుమ మనిషి దూరేంత ఖాళీ ఉంది. చూడగానే ఆమెకు అంతా అర్థమయింది.

గుంపులోంచి ఎవరో, "గోడకు కొట్టుకుని టైరు కూడా పేలినట్టుందే" అన్నారు.

"అవును" అంది టీచరమ్మ.

ఆమె ఆడిన అబద్ధం ఆ ఒక్క మాటే. ఏది ముందు, ఏది వెనుక అన్న వరుస తారుమారైంది, అంతే. ఆ తారుమారుతో నేరం ఒక మనిషి మీదినుంచి మరొక మనిషి మీదికి మారిపోయింది. విచారణకు వచ్చిన అధికారి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మరీ అడిగాడు. ఇంత అనుభవం గల మనిషి చెప్పినదానికి తిరుగులేదని, నేర్చుకునే ఆమె స్టీరింగు లాగడంవల్ల బండి గోడకు కొట్టుకుని టైరు పేలిందని రాసుకున్నాడు. నర్సును అడిగితే, అంతా ఒక్క క్షణంలో అయిపోయిందనీ, టీచరమ్మ అలా చెప్పిందంటే అలాగే జరిగి ఉంటుందనీ తల వంచుకుని ఒప్పుకుంది.

బండి బాగయి వచ్చింది. టీచరమ్మ పేలిన టైరును మాత్రం మార్పించింది. మిగతా మూడూ దానికి ఈడైనవే. ఒకే రోజున కొన్నవి. నాలుగూ మారిస్తే, గోడకు కొట్టుకున్నది ఒక చక్రమైతే నాలుగెందుకు మార్చారని ఎవరైనా అడుగుతారు. ఆ భయం ఆమెను పట్టుకుంది. చినిగిన టైరును పెరటి గదిలో గోనెసంచి కింద తోసేసి, పాఠాలు మళ్ళీ మొదలుపెట్టింది. శిష్యురాళ్ళు ఎప్పటిలాగే వంగి అగ్గిపుల్లలు దూర్చేవారు. అన్ని గాళ్ళూ లోతుగానే ఉన్నాయని చెప్పేవారు. ఆమె ఎటో చూస్తూ తల ఊపేది.

నర్సు మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. పగటి పని తనకు వద్దని ఆసుపత్రిలో రాసిచ్చి, రాత్రి వార్డులోనే ఉండిపోయింది. అంతేకాదు, రోజూ సాయంత్రం డ్యూటీకి వెళ్ళేముందు సెలూనాయన ఇంటికి వెళ్ళి, కాలి పుండు కడిగి కట్టు మార్చి వెళ్ళేది. ఎవరూ అడగలేదు. తన తప్పుకు తనే వేసుకున్న శిక్ష అది.

పలకరించకపోతే బాగుండదని టీచరమ్మ ఒకసారి పళ్ళు పట్టుకుని అక్కడికి వెళ్ళింది. సెలూనాయనను వీధిలో అందరూ కత్తెరాయన అంటారు. కత్తెర ఆడినంత సేపూ ఆయన నోరు కూడా ఆడుతుంది. కాలు దిండ్లమీద పెట్టుకుని పడుకున్నా ఆ నోటికి సెలవు లేదు.

"ఊరందరి తలలూ నేను వంచాను టీచరమ్మా. ఈ చెల్లెమ్మ వచ్చి నా కాలు వంచేసింది" అన్నాడు నర్సును చూపించి.

ఆయన భార్య నవ్వలేదు. కాలు విరగ్గొట్టిందీ ఈవిడే, కట్టు కట్టేదీ ఈవిడే, పాపం తీరిపోతుందనుకుంటోంది కాబోలని గిన్నెలు సర్దుతూ విసిరింది. టీచరమ్మకు మాత్రం ఇంట్లో ఉన్న మంచి కుర్చీ వేసి, టీ తెచ్చి ఇచ్చి, ఇంత జాగ్రత్త గల మనిషికి ఇలాంటి చేతకానివాళ్ళు తగలడం ఏం ఖర్మోనని సానుభూతి చూపించింది. నర్సు కట్టు ముగించి, బేసిన్లోని నీళ్ళు పారబోసి వచ్చి, వెళ్ళబోతూ మంచం పక్కన నిలబడింది.

"నన్ను క్షమించన్నా."

ఆమె అది రోజూ అంటుందనీ, వద్దన్నా వినదనీ కత్తెరాయన చెప్పాడు. టీచరమ్మ చేతిలో టీ కప్పు అలాగే ఉంది. కప్పు కింద పెడితే ఏమైందని అడుగుతారేమోనని, గుటకలు మింగి ఖాళీ చేసింది. ఆ రాకతో ఆమె ఆ ఇంటి గడప తొక్కడం మానేసింది.

ఇలా ఉండగా టీచరమ్మ చెల్లెలి కూతురు, చదువు ముగించుకుని, పెద్దమ్మ దగ్గర నాలుగు రోజులుందామని వచ్చింది. గలగలా మాట్లాడే పిల్ల. లోకంలో ఆడవాళ్ళందరికీ కారు నేర్పి, సొంత పిల్లను బస్సులపాలు చేస్తావా అని వచ్చినరోజే నిలదీసింది. మర్నాడు ఉదయం పిలవకుండానే బండి దగ్గరికి పోయి, చిన్నప్పటినుంచీ చూస్తున్నదే కనుక నాలుగు చక్రాలకూ అగ్గిపుల్ల పరీక్ష చకచకా చేసేసి, స్టీరింగు ముందు కూర్చుని కిటికీలోంచి చెయ్యి చాపింది.

"తాళాలు, పెద్దమ్మా."

తాళాలు టీచరమ్మ గుప్పిట్లోనే ఉన్నాయి. గుప్పిట విచ్చుకోలేదు. ఆ పిల్ల మోచెయ్యి కిటికీమీద ఆనించి ఉంది. దానికి కాస్త ముందుకే ఆ వైపు ముందు చక్రం, మార్చని పాత టైరుది.

"ఇవాళ వద్దే. ఒంట్లో కొంచెం నలతగా ఉంది."

"నీకా, బండికా?"

"బండికే అనుకో. దిగు."

పిల్ల మూతి ముడుచుకుని దిగింది. సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని బట్టలు కుట్టే ఆమె పాఠానికి వచ్చింది. వస్తూనే, వెంట ఉన్న కొడుకును దారిలో స్కూలు దగ్గర దింపిపోవచ్చునా అని అడిగింది. టీచరమ్మ చెయ్యి అలవాటు ప్రకారం తాళాలు అందించడానికి ముందుకు సాగింది.

"అదేంటి పెద్దమ్మా, నాకు పనికిరాని బండి ఆవిడకి పనికొస్తుందా?" అంది పిల్ల. అలిగి అన్న మాటే గాని, అందులో వేరే ఉద్దేశం లేదు.

చాచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నడివీధిలో చెంప ఛెళ్ళుమనిపించినట్టయింది టీచరమ్మకు. తన రక్తం కూర్చోబోయిన క్షణంలో అన్నీ గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ ఊరి ఆడవాళ్ళను, వాళ్ళ వెనుక సీట్లలో పిల్లలను, ఆ చక్రాలమీద కూర్చోబెడుతున్నప్పుడు ఏదీ గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం కాదు. వాళ్ళు తన వాళ్ళు కారు, అంతే. ఆ నిజం ముందు ఆమెకు తన ముఖాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

ఈ బండి ఇక కదలదని కుట్టే ఆమెతో చెప్పి పంపేసింది. కారణం అడిగితే, టైర్లు పాతవని మొదటిసారిగా నోరు విప్పి చెప్పింది. తరువాత పిల్లను పెరటి గదికి తీసుకుపోయి, గోనెసంచి తొలగించి చినిగిన టైరు చూపించి, జరిగినదంతా దాచకుండా చెప్పింది. పిల్ల చీలికలో వేళ్ళు పెట్టి చూసింది.

"మరి ఆ నర్సు?" అంది.

ఆ సాయంత్రం టీచరమ్మ కత్తెరాయన ఇంటికి నడిచి వెళ్ళింది. నర్సు పుండు కడుగుతోంది. కత్తెరాయన భార్య ఎప్పటిలాగే మంచి కుర్చీ జరిపింది. టీచరమ్మ కూర్చోలేదు. దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది గాని, గుమ్మం దాటేసరికి అన్నీ చెదిరిపోయి, ఉన్నది ఉన్నట్టుగానే బయటికి వచ్చింది.

"గోడకు తగలకముందే టైరు పేలింది. ఈమె స్టీరింగు లాగలేదు. అది పాతబడిన టైరు. పగుళ్ళున్నాయని ఈమే నాకు చూపించింది, నేను ఎగతాళి చేసి ఎక్కించాను. పేలాక తొక్కకూడని బ్రేకు తొక్కింది కూడా నేనే. మీ కాలు విరగ్గొట్టింది నేను."

ఏదో ఒక హాస్యం ఆడతాడని అందరూ ఎరిగిన కత్తెరాయన ఏ హాస్యమూ ఆడలేదు.

"చప్పుడే ముందు విన్నానని నాకూ అనిపించింది. మీరు అబద్ధమాడే మనిషి కాదు కదా అని, నా చెవులనే అనుమానించుకున్నాను" అన్నాడు మెల్లగా.

తిట్టి ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. భార్య తిట్టడానికి నోరు తెరిచిందిగాని, నర్సు వంక చూసి, ఇన్నాళ్ళూ తను ఆమెమీద విసిరిన మాటలన్నీ గుర్తొచ్చాయో ఏమో, పమిట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నర్సు పని ఆపలేదు. మందు రాసి, గుడ్డ చుట్టి, ముడి వేసి, మిగిలిన కొస కత్తిరించింది. చేతులు కడుక్కుని తుడుచుకుంది. అప్పుడు తిరిగి చూసింది.

"ఆ రోజు మీరు అవునన్నప్పుడు, మీకు తెలుసా?"

"తెలుసు."

"నేనిక్కడ నిలబడి క్షమించమని అడుగుతుంటే, మీరు ఆ కుర్చీలో కూర్చుని టీ తాగారు."

టీచరమ్మ తల ఎత్తలేకపోయింది. ఏ శిక్ష వేసినా సరేనని గొణిగింది. శిక్షలు వేయడానికి తనెవరని నర్సు అంది. అయితే ఈ నాలుగు గోడల మధ్య చెప్పి దులుపుకుంటే కుదరదనీ, ఆ మాట ఎక్కడెక్కడ పాకిందో అక్కడల్లా టీచరమ్మే స్వయంగా వెళ్ళి చెప్పాలనీ, తను పక్కన ఉండి వింటాననీ అంది. ఆ పిరికి మనిషి గొంతులో ఆనాడు వణుకు లేదు.

మొదట అధికారి దగ్గరికి వెళ్ళారు. ముగిసిన విషయాన్ని ఎందుకు కెలుకుతారని ఆయన విసుక్కున్నాడు. పాత మాట కొట్టివేసి కొత్త మాట రాసుకునేదాకా తను కదలనని టీచరమ్మ బల్లముందు నిలబడింది. రాసుకున్నాడు. బడి నడపడానికి ఆమెకిచ్చిన అనుమతి ఆపివేశాడు. అది న్యాయమేనని ఆమె సంతకం చేసింది. తరువాత సెలూను. కత్తెరాయన బావమరిది నడుపుతున్నాడు. ముఖాల నిండా నురుగుతో కూర్చున్నవాళ్ళ ముందు, వీధి వినేటట్టు, ఆమె మొదటినుంచి చివరిదాకా చెప్పింది. ఎవరో కిసుక్కుమని నవ్వి, బ్రేకమ్మకు ఇన్నాళ్ళకు బ్రేకు పడిందన్నారు. ఆమె ఆ నవ్వు ఆగేదాకా ఆగి, మిగిలినది కూడా చెప్పింది. పాత శిష్యురాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, గాడి లోతు చూసుకుంటే చాలదనీ, టైరు కొని ఎన్నేళ్ళయిందో, పక్కన పగిలిందేమో కూడా చూడాలనీ, తను నేర్పిన పాఠం సగమేననీ చెప్పింది. మిగిలిన మూడు పాత టైర్లు ఎవరో కొనుక్కుపోయి మరో బండికి వేసుకుంటారని, వాటిని విప్పించి, ఇనుపరంపంతో తనే అడ్డంగా కోసేసింది. కారు ఇటుకలమీద నిలబడింది.

అన్నిటికంటే కష్టమైనది ఆసుపత్రి. పెద్ద నర్సమ్మ అంతా విని, నర్సు రాసిచ్చిన కాగితం చించేసింది. కాని పగటి పని అప్పటికే మరొకామెకు ఇచ్చేశారు. మళ్ళీ ఖాళీ ఎప్పుడు వస్తుందో చెప్పలేమనీ, వచ్చేలోగా లైసెన్సు తెచ్చుకుని ఉండమనీ చెప్పింది. పోయినది పోయిందే. టీచరమ్మ నిజం చెప్పినంత మాత్రాన అది తిరిగి రాలేదు.

బయటికి వచ్చి మెట్లు దిగుతుండగా టీచరమ్మ, కొత్త టైర్లు వేయించి, అనుమతి మళ్ళీ వచ్చాక నీకు మొదటినుంచీ నేనే నేర్పుతాననీ, ఒక్క పైసా తీసుకోననీ అంది. అడుక్కుంటున్నట్టే అంది.

నర్సు ఒక మెట్టు కింద ఆగి, కొంచెంసేపు ఆలోచించింది.

"వద్దండి. వేరేచోట చేరతాను. మీరు నేర్పితే బాగా వస్తుంది, నాకు తెలుసు. కానీ మీ పక్కన కూర్చుంటే మళ్ళీ మీ మాటే నమ్ముతాను. నాకు అది వద్దు."

ఆ మాటలో కోపం లేదు. బస్సు వచ్చింది, నర్సు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో సంచి సర్దుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా టీచరమ్మ మెట్లమీదే నిలబడి, ఆ తరువాత ఇంటివైపు నడిచింది. దారిలో ఆగి ఉన్న ప్రతి బండి పక్కనా ఆమె నడక నెమ్మదించింది. చూపు చక్రంమీదికి పోయింది. ఎవరి బండో తెలియకపోయినా, పగుళ్ళు కనబడిన చోటల్లా తలుపు తట్టి, ఇంట్లోవాళ్ళను బయటికి పిలిచింది.